బుల్లయ్య కాపలా కాసిన వెల్లుల్లి

బుల్లయ్య వీధిలోకి వస్తున్నాడంటే ముందు వాసన వచ్చేది, ఆ తర్వాత మనిషి వచ్చేవాడు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు. సత్తెనపల్లికి పడమటగా ఉన్న ఆ ఊళ్ళో పత్తీ మిరపా తప్ప మూడో పంట పేరెత్తితే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. ఆ రెండు పంటలకూ పురుగు రాని నెల లేదు, మందు కొట్టని వారం లేదు. ఆ మందు కొట్టే మనిషే బుల్లయ్య. మీసాలు మొలిచిన నాటి నుంచి అరవై దగ్గర పడేదాకా వీపున పంపు తగిలించుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, ఊరి చేలన్నీ సాలు సాలూ తిరిగాడు. ఎన్ని బిందెల నీళ్ళు గుమ్మరించుకున్నా, ఎంత సబ్బు అరగదీసినా ఆ వాసన మాత్రం వదల్లేదు. కుళ్ళిన వెల్లుల్లి వాసన అది. మందులన్నిటికీ అదే వాసన ఉండదు గానీ, అతను ఎక్కువగా కొట్టినవి ఆ రకానివే.

ఊరు అతణ్ణి ఏనాడూ చెడ్డవాడనలేదు. ఆకు ముడుచుకుంటే చాలు, బుల్లయ్యను పిలవండి అనేది. వస్తే అరుగు మీద కూర్చోమనేది కాదు, అంతే. టీ కొట్టువాడు అతనికి మాత్రం కాగితం కప్పులో పోసి బల్ల చివర పెట్టేవాడు. చంటిపిల్లల తల్లులు అతను ఎదురైతే పిల్లల్ని అవతలి చంకకి మార్చుకునేవాళ్ళు. పెళ్ళి పిలుపులు అందరితో పాటు అతనికీ అందేవి. పంక్తిలో అతని పక్కన కూర్చునే మనిషే దొరికేవాడు కాదు. మాట తేడా అయితే ఎదురుతిరిగి అడగొచ్చు. వాసన దగ్గర ఏమని కొట్లాడతాడు? వాళ్ళు ముఖం తిప్పుకోవడంలో తప్పేముందని తనే అనుకునేవాడు.

పెళ్ళి కాకపోలేదు. అద్దంకి దగ్గరి పల్లె నుంచి వెంకటరావమ్మను చేసుకున్నాడు. నెమ్మదైన మనిషి. రెండేళ్ళు ముక్కు మూసుకుని కాపురం చేసింది. కడుపుతో ఉండగా అయిదో నెలలో గర్భం పోయింది. నీ ఒంటి మీది మందే నా బిడ్డను తీసింది అని ఆమె నమ్మింది. అది నిజమో కాదో చెప్పగల డాక్టరు దగ్గరికి వాళ్ళు పోలేదు. ఆమె పుట్టింటికి వెళ్ళి మరి తిరిగి రాలేదు. బుల్లయ్య తీసుకొద్దామని ఒకసారి అద్దంకి దాకా వెళ్ళాడు. బస్టాండులో బోరింగు దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు, వాసన చూసుకున్నాడు, వచ్చిన బస్సులోనే వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తడానికి ఇంట్లో ఎదురుగా మనిషంటూ ఉంటే కదా.

ఈ మధ్య డ్రోన్లు దిగాయి. ఎకరం చేను టీ తాగి కప్పు కింద పెట్టేలోపు తడిపేసి పోతున్నాయి. దాంతో బుల్లయ్యను పిలిచేవాళ్ళు సన్నకారు రైతులు నలుగురైదుగురు మిగిలారు. పని తగ్గినప్పుడు వాసనైనా తగ్గాలి, అదీ తగ్గలేదు. పొద్దున లేచి పంపు తుడుచుకోవడం, సాయంత్రం దాకా వాకిట్లో కూర్చోవడం, పొద్దుగూకితే అన్నం వండుకోవడం. కొన్ని రోజులైతే అతని గొంతు అతనికే వినపడేది కాదు.

అతని ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉంది. ఆ పక్కిల్లు హెలెన్‌ది. చర్చి వీధిలో చివరి ఇల్లు. భర్త పోయి చాలా కాలమైంది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది. ఆదివారం చర్చిలో చాపలు పరిచేదీ చుట్టేదీ ఆమే. ఒక్కతే కూతురు, షారోన్. చీరాలలో కాపురం. పెళ్ళైన ఎన్నో ఏళ్ళకు, ఇక లేదనుకుని అందరూ అడగడం మానేశాక, ఆ పిల్ల నెల తప్పింది. చర్చిలో ఆ కబురు చదివిన రోజు హెలెన్ చాప మీద మోకాళ్ళూని లేవలేక ఇద్దరు పట్టుకుని లేపారు.

గోడ పక్కన గోడ ఉన్నంత మాత్రాన మాటలుంటాయా? హెలెన్ మర్యాదస్తురాలే. ఎదురైతే తల ఊపేది. బుల్లయ్య పని నుంచి వస్తున్నాడని తెలిస్తే తీగ మీద బట్టలు గబగబా తీసేసి లోపలికి పోయేది. బుల్లయ్య అది చూసి, ఆమెకు వీలుగా ఉంటుందని వీధి మొదట్లోనే దగ్గడం అలవాటు చేసుకున్నాడు. ఇద్దరి మధ్యా ఉన్న ఇరుగుపొరుగు అంతే.

ఆ ఏడు చలి మొదలవుతుండగా హెలెన్‌కు వెల్లుల్లి పెంచాలని పుట్టింది. బాలింతకు మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో పెట్టడం ఆ వైపు ఏ కులంలోనైనా ఏ మతంలోనైనా ఉన్నదే. నేతిలో వేయించిన రెబ్బలు, కాసిన్ని ఎండుమిరపకాయలు, జీలకర్ర వేసి దంచిన కారం తింటే పాలు పడతాయి, నడుం గట్టిపడుతుంది. అంగడిలో కొన్న వెల్లుల్లితో దంచితే ఎవరు కాదంటారు? హెలెన్ కాదంది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు అనే సామెత ఆమెకు మొదటి నుంచీ నచ్చదు. తల్లి ఎందుకు చేయదు, దగ్గరుండి ఆ ఉల్లిని పెంచితే సరి అనేది. ఈ ఊళ్ళో మందు పడని తిండి ఒక్కటి చూపించండి చూద్దాం అని చర్చి ఆడవాళ్ళను అడిగింది. ఎవరూ చూపించలేకపోయారు. అయితే నా కూతురు తినే మొదటి ముద్దలో మాత్రం మందు చుక్క ఉండకూడదు అని పంతం పట్టింది.

పెరట్లో పలుగుతో మడి చేస్తున్న హెలెన్‌ను గోడ ఇవతలి నుంచి చూసి, ఈ ఎండలకు ఇక్కడ వెల్లుల్లి గడ్డ ఊరదని బుల్లయ్య అన్నాడు. ఊరితే ఊరుతుంది, లేకపోతే లేదని ఆమె తలెత్తకుండా అంది. సాయం చేద్దామని తన దగ్గరున్న నీలం డబ్బాలు రెండు నడిమికి కోసి, కడిగి, కుండీలుగా వాడుకోమని గోడ మీద పెట్టాడు. మందు డబ్బాలు. హెలెన్ చెయ్యి కడుక్కొచ్చి, కొంగు అడ్డం పెట్టుకుని ఆ డబ్బాలను మళ్ళీ అతని వైపుకే తోసింది. కోప్పడలేదు గానీ, ఈ మడి దగ్గరికి నీ మందు సామాను రాకూడదని స్పష్టంగా చెప్పింది. బుల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. డబ్బాలు ఇంటి వెనక్కి విసిరేసి ఆ పూట వంట కూడా చేసుకోలేదు.

మర్నాడు తెల్లవారుతూనే గోనె సంచి భుజాన వేసుకుని సాగర్ కాలువ దాకా నడిచాడు. కాలువ మలుపులో నల్లటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. సంచి నింపుకుని వచ్చి గోడ మీద దించి, ఇది కాలువ మట్టి, దీనికి ఏ మందూ తెలియదు అని చెప్పాడు. హెలెన్ గుప్పెడు తీసి నలిపింది, వాసన చూసింది, మట్టి వాసనే వచ్చింది. ఇంకో నాలుగు సంచులైనా కావాలంది. బుల్లయ్య ఆ వారమంతా మోశాడు. చివరి సంచి దించిన రోజున ఆమె మంచినీళ్ళ చెంబు తెచ్చి, స్టీలు చెంబే, అతని చేతికి అందించింది.

"తాగన్నయ్యా, ఎండన పడొచ్చావ్," అంది.

ఆ వయసులో ఒక మగవాడికి నీళ్ళు తాగుతుండగా కళ్ళు చెమర్చడం ఎంత ఇబ్బందో చెప్పలేం. పొలమారినట్టు దగ్గి, చెంబు గోడ మీద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. అన్నయ్యా అని పిలిపించుకోవడానికి అతనికి సొంత చెల్లెలు లేదు. ఊరివాళ్ళందరికీ అతను ఒరేయ్ బుల్లిగా, లేకపోతే మందుల బుల్లయ్య.

రెబ్బల మొన పైకి ఉండేట్టు, రెండు వేళ్ళ లోతున, బెత్తెడు ఎడంగా హెలెన్ నాటింది. వారం తిరక్కముందే పచ్చటి మొలకలు లేచాయి. క్రిస్మస్ నాటికి ఆకు జానెడైంది. మేకల ఎరువు వేసింది, గడ్డి పరిచింది, కలుపు వేళ్ళతో గిల్లింది. పెంచింది వెల్లుల్లే అయినా దాంతో పాటు మాటలు కూడా పెరిగాయి. ఇవాళ ఎంత తడి పెట్టావమ్మా అని ఇటు నుంచి, చలి ఇంకా నాలుగు రోజులుంటే బాగుండు కదన్నయ్యా అని అటు నుంచి. క్రిస్మస్ పలావు పళ్ళెంలో పెట్టి, పైన కేకు ముక్క ఉంచి గోడ మీద నుంచి ఇచ్చింది. బుల్లయ్య ఆ పళ్ళెం తోమి, తుడిచి, ఇంకోసారి తోమి తిరిగి ఇచ్చాడు. ఆ రోజుల్లో అతనికి పొద్దు ఎలా పోయేదో కూడా తెలిసేది కాదు. పొద్దున్నే గోడ దగ్గరికి పోయి మడిని చూడటం అతని మొదటి పని.

చలి వెనకబడుతుండగా చీరాల నుంచి ఫోన్ వచ్చింది. షారోన్‌కు రక్తపోటు ఎక్కువగా ఉందని, కాన్పు అయ్యేదాకా గుంటూరులో ఆసుపత్రిలోనే ఉంచాలని డాక్టరు చెప్పిందట. హెలెన్ సంచిలో రెండు చీరలు, బైబిలు, దుప్పటి సర్దుకుని గోడ దగ్గరికి వచ్చింది. ఇంటి తాళంచెవి బుల్లయ్యకు ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు. పెరటి తలుపు గడియ మాత్రం తీసే ఉంచింది.

"మడి నీకొదిలి పోతన్నా. కోళ్ళు తొక్కకుండా చూస్తా ఉండు. ఆకు వాడనీయమాక," అని చెప్పింది.

ఊళ్ళో వేల ఎకరాల పంటను తడిపిన మనిషికి నాలుగు మూరల మడిని అప్పగిస్తే అంత గర్వం దేనికి? దేనికంటే, ఆ వేల ఎకరాలూ అతణ్ణి పనికి పిలిచాయి, ఇది నమ్మి పిలిచింది. బుల్లయ్య మంచం గోడ పక్కకి మార్చుకున్నాడు. కోడి కూస్తే లేచాడు, కుక్క మొరిగితే లేచాడు. మేకలు ఇటు తిరగకుండా తుమ్మ కంప కొట్టి తెచ్చి అడ్డం వేశాడు. కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా ఆ పెరట్లో అడుగు పెట్టలేదు.

అలా ఉండగా ఒక ఉదయం ఆకుల కొసలు పసుపెక్కాయి.

మిరప దేశంలో పసుపు అనేది శుభం కాదు. ఆకు పసుపెక్కిందంటే వేరుకుళ్ళో, బొబ్బరో, తామర పురుగో. కొన్నేళ్ళ కిందట నల్ల తామర పురుగు దిగినప్పుడు కాపు మీదున్న తోటలు పసుపెక్కి, ముడుచుకుని, వారం తిరిగేలోపు పీకి తగలెట్టాల్సి వచ్చింది. ఆ తోటల్లో ఆఖరిదాకా పంపు మోసినవాడు బుల్లయ్యే. ఇక్కడి మనిషి కన్ను అలా తయారై ఉంటుంది. ఆకు రంగు మారితే దానికి కాలం వచ్చిందేమో అని ఆలోచించడు. తెగులు వచ్చిందనే అనుకుంటాడు.

ముందు నీళ్ళు చాలలేదేమో అనుకుని తడి పెట్టాడు. పసుపు ఇంకాస్త కిందికి దిగింది. ఒక ఆకు విప్పి చూస్తే సన్నటి పురుగు ఒకటి రెండు కదిలాయి. హెలెన్‌కు ఫోన్ చేద్దామని నంబరు నొక్కబోయి ఆగిపోయాడు. కాన్పు గది ముందు కూర్చున్న తల్లికి, నీ కూతురి కోసం వేసిన మొక్కలు చచ్చిపోతున్నాయని చెప్తామా? పురుడు పోసుకునే ఇంటికి అపశకునపు మాట మోయకూడదు. తను పుట్టి పెరిగిన ఇంట్లో అదే చెప్పారు. అలా రెండు రోజులు గడిపాడు. పసుపు సగానికి దిగింది. ఒకటీ అరా ఆకులు పడిపోయాయి కూడా.

ఆమె వచ్చి చూసి, నీకొదిలి పోయినందుకు ఇదా అన్నట్టు నిలబడితే? ఆ ముఖాన్ని ఊహించుకుంటేనే అతనికి అన్నం సహించలేదు. మందు వద్దని ఆమె చెప్పిన మాట గుర్తు లేక కాదు. బాగా గుర్తుంది. కానీ జ్వరంతో కాలిపోతున్న పిల్లకు సూది వద్దని ఏ తల్లి అంటుంది అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. అన్నిటికన్నా ఘాటు విషమని ఎర్ర గుర్తు వేసిన డబ్బా జోలికి పోలేదు. దానికన్నా ఒక మెట్టు తక్కువదైన పసుపు గుర్తు డబ్బా తీసి, మామూలుగా వేసే దాంట్లో సగం కొలిచి, చిన్న చేతిపంపుతో, గాలి లేని వేళ చూసి, ఆకు ఆకూ తడిపాడు. వేరుకి కూడా అందాలని మొదళ్ళలో పోశాడు. తన జన్మలో ఏ చేనుకీ అంత శ్రద్ధగా మందు కొట్టలేదు. కొట్టి, కడుక్కుని వచ్చి, మడి పక్కనే గొంతుక్కూర్చుని, బతకండమ్మా అన్నాడు.

మూడు నాలుగు రోజులకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల. ఆపరేషన్ చేసి తీశారు, తల్లీ పిల్లా బాగున్నారు. హెలెన్ గొంతు అలసిపోయి ఉంది, నవ్వుతోంది కూడా. షారోన్‌కి అన్నదమ్ములు లేరు కదా, ఆ పిల్లకి మామయ్యవైనా తాతయ్యవైనా నువ్వే, ఇంటికి రాగానే ముందు నీ చేతికే ఇస్తానంది. మడి ఎట్లా ఉందని అడిగింది. బుల్లయ్య, ఉందమ్మా అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అతను ఎత్తుకున్న చంటిపిల్ల అంటూ ఈ లోకంలో ఇంతవరకూ లేదు.

వాళ్ళు వచ్చే రోజున పొద్దున్నే బస్సెక్కి సత్తెనపల్లి వెళ్ళాడు. మెడికల్ షాపులో చంటిపిల్లలకు వాడే సబ్బు అడిగి తీసుకున్నాడు. పిల్లకు కాదు, తనకు. దాంతో స్నానం చేస్తే పిల్ల దగ్గర పిల్ల వాసనే వేస్తుందని అతని ఆలోచన. తిరిగి వస్తూ బజారులో ఉల్లిపాయలూ వెల్లుల్లీ అమ్మే రసూల్‌బీ దగ్గర ఆగాడు. ఆమె తాత ముత్తాతల నుంచీ అదే వ్యాపారం. వెల్లుల్లి ఆకు పసుపెక్కి పడిపోతే ఏ తెగులంటారని అడిగాడు. రసూల్‌బీ తూకం ఆపి అతని వైపు వింతగా చూసింది.

"తెగులేందయ్యా? పండింది. ఆకు పండితేనే గడ్డ పండినట్టు. తడి ఆపి పీక్కోవడమే," అంది.

బుల్లయ్య అక్కడే నిలబడిపోయాడు. వెనక ఎవరో జరగమని కసురుకుంటే జరిగాడు. మడి పండటాన్ని చావు అనుకుని, ఆ పండిన దాని మీద విషం పోసి వచ్చాడు. మంచికి పోతే చెడు ఎదురైందంటారు; అతని విషయంలో ఆ చెడు ఎక్కడి నుంచో ఎదురు రాలేదు, అతనే వీపున మోసుకెళ్ళి పోశాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఒకటే లెక్క. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ మందుకీ వెల్లుల్లికీ వాసనలో పెద్ద తేడా లేదు. ఎంత ముక్కున్నవాడైనా ఆ పాయను పట్టుకుని ఇది మందు కొట్టిందని చెప్పలేడు. ఊళ్ళో వాళ్ళు ఏం తింటున్నారు? రేపు కోయబోయే మిరపకాయకు ఇవాళ కొట్టించుకున్నవాళ్ళు లేరా? వాళ్ళ పిల్లలు బతకడం లేదా? సగం మోతాదే కదా కొట్టింది. పోనీ, దిగగానే పరుగున పోయి మొత్తం పీకి ఎక్కడైనా పూడ్చి, మేకలు పడ్డాయమ్మా అంటే? కాపలా చేతకాని వాడు అనిపించుకోవచ్చు, ఆ మాట నాలుగు రోజులకు మాసిపోతుంది. ఇలా ప్రతి దారీ తెరిచి చూశాడు. ఏ దారిన పోయినా చివర్లో షారోన్ కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద కలుపుకుంటూ కనిపించింది. ఆ పక్కన అయిదో నెల కడుపుతో వెంకటరావమ్మ కనిపించింది. ఆ నాటిది నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. ఇది మాత్రం తెలుసు.

అతను వీధి మలుపు తిరిగేసరికి వాళ్ళను దించిన ఆటో వెళ్ళిపోయి చాలాసేపైంది. హెలెన్ కాళ్ళు కడుక్కుని నేరుగా పెరట్లోకి వెళ్ళినట్టుంది. అతను పెరటి తలుపు దగ్గరికి వచ్చేటప్పటికి, ఆమె ఒడి నిండా మట్టి అంటిన పాయలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఈ నేలలో ఊరవన్న పాయలు నిమ్మకాయంత ఊరాయి, తెల్లగా, గులాబీ చారలతో. చేటలో అప్పుడే పొట్టు తీసిన రెబ్బలు ఉన్నాయి. వంటింట్లో నెయ్యి కాగుతున్న వాసన వస్తోంది.

"చూశావా అన్నయ్యా, ఊరవన్నావ్ గదా," అని హెలెన్ నవ్వింది. చెయ్యి దులుపుకుని లేచింది. "రా, లోపలికి రా. పిల్లను చూద్దువుగాని."

అతను ఆ ఒక్క మాట కోసం బతికినంత కాలం ఎదురుచూశాడని చెప్పినా అతిశయం కాదు. గడప రెండడుగుల దూరంలో ఉంది. లోపల పిల్ల చిన్నగా మూలుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చెప్పడం కాసేపాగి, పిల్లను ఒక్కసారి ఎత్తుకుని, ఆ తర్వాత చెప్పినా చాలు అని మనసు గట్టిగా లాగింది. బుల్లయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"హెలెనమ్మా, అయ్యి దంచమాక. మందు కొట్టాను," అన్నాడు.

హెలెన్‌కు ముందు అర్థం కాలేదు. ఏ మందని అడిగింది. పేరు చెప్పాడు. ఎప్పుడు అని అడిగింది, చెప్పాడు. పసుపెక్కితే తెగులనుకున్నానని, నువ్వు వచ్చేసరికి చచ్చిపోతాయని భయపడ్డానని, మొదళ్ళలో కూడా పోశానని, అడగనివన్నీ కూడా చెప్పాడు. హెలెన్ చేటలోంచి ఒక రెబ్బ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. దించి, మళ్ళీ పెట్టుకుంది. వెల్లుల్లి వాసనే వచ్చి ఉంటుంది.

"నువ్వు చెప్పకపోతే పెట్టేసేదాన్ని," అంది. అతనితో అన్న మాట కాదు అది.

లోపలి నుంచి షారోన్ గొంతు వినపడింది. మామయ్య వచ్చాడా అమ్మా, బయటే నిలబెట్టావేం, రమ్మను, పిల్లను చూపించు అంటోంది. హెలెన్ తలెత్తి బుల్లయ్యను చూసింది. చూపు అతని ముఖం మీద ఆగకుండా కిందికి, వెనక్కి కట్టుకున్న చేతుల వైపు జారింది. ఆమె కఠినురాలు కాదు. ఆ చూపు కావాలని చూసింది కూడా కాదు; వెంటనే తిప్పుకుంది. రా అని అనబోయినట్టు నోరు కదిలింది. మాట మాత్రం రాలేదు. రావద్దని కూడా అనలేదు.

చూస్తూ నిలబడితే ఆమెకు ఇంకా కష్టమని బుల్లయ్యకు తెలిసిపోయింది.

"బస్సులో దుమ్ము పడొచ్చాను. స్నానం చేసొస్తాడని చెప్పు అమ్మాయికి," అన్నాడు.

ఇంటికి వచ్చి, కొత్త సబ్బు కాగితం విప్పి, రెండుసార్లు ఒళ్ళు రుద్దుకున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని చెప్పులేసుకున్నాడు. గోడ అవతల పార మట్టిలో దిగుతున్న చప్పుడు, చేట గుంటలోకి బోర్లించిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి ఎవరినో అంగడికి పంపినట్టున్నారు, కొన్న వెల్లుల్లి నేతిలో వేగుతున్న వాసన గోడ దాటి వచ్చింది. రోట్లో దంచుతున్న చప్పుడు వచ్చింది, ఆగింది. పిల్ల ఏడ్చింది, ఊరుకుంది. మామయ్య స్నానం ఇంకా అవలేదా అని షారోన్ అడిగే ఉంటుంది. హెలెన్ ఏం చెప్పిందో అతనికి వినపడలేదు. బుల్లయ్య తడి తలతో మంచం అంచున కూర్చున్నాడు. పిలిస్తే వెంటనే లేవచ్చని, పొద్దు పూర్తిగా కుంగేదాకా చెప్పులు విడవలేదు.